ఇంట్లో రోజూ తాగే టీ: తరచుగా అడిగే ప్రశ్నలు

టీ పెట్టడం రానివాళ్లు అరుదు. అయినా అదే పొడి, అవే పాలు, అదే గిన్నె. ఒకరోజు కుదురుతుంది, ఇంకోరోజు నోట్లో పెట్టుకోలేం. ఎందుకలా అవుతుందని అడిగేవాళ్లు, తగ్గించుకోవడం ఎలా అని అడిగేవాళ్లు, గ్రీన్ టీ గొంతు దిగడం లేదని చెప్పేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లకు చెప్పిన జవాబులే ఇక్కడ ఒకచోట పెట్టాను. వరుసగా చదవాల్సిన పని లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

రోజూ తాగే టీయే కదా, దీనికి ఇంత ఆలోచన ఎందుకు?

ఇంటి నుంచే పని చేసిన రోజుల్లో ఒక రాత్రి టేబుల్ సర్దుతుంటే కంప్యూటర్ పక్కన మూడు కప్పులు కనిపించాయి. మూడింట్లోనూ సగం సగం టీ. పైన పొర కట్టింది, కప్పు లోపల చుట్టూ గోధుమరంగు చారలు పడ్డాయి. పొద్దున్నుంచి టీ మీద టీ పెట్టుకుంటూనే ఉన్నాను, ఒక్కటి కూడా తాగినట్టు గుర్తు లేదు. రుచి గుర్తు లేదు, వేడి గుర్తు లేదు. తలనొప్పి మాత్రం ఉంది.

మర్నాటి నుంచి రెండే కప్పులు అనుకున్నాను. ఆ రెండూ స్టవ్ దగ్గర నిలబడి నేనే పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, అయిపోయేదాకా లేవకుండా తాగడం మొదలుపెట్టాను. మొత్తం పావుగంట పట్టేది. టీ ఇచ్చే హాయిలో సగం దాన్ని పెట్టడంలోనే ఉందని నాకు అప్పుడు తెలిసింది. నీళ్లు మరిగే చప్పుడు వినాలి, పొంగు చూసుకోవాలి, మంట తగ్గించాలి, వడకట్టాలి. చేతికి పని ఉంటుంది, బుర్రకి ఉండదు. రోజు మొత్తంలో అలాంటి సమయం ఇంకెక్కడ దొరుకుతుంది? అందుకే దీని గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడతాను.

టీ తాగితే మనసు తేలికపడుతుందంటారు. నిజంగా ఆకులో ఏమైనా ఉందా, లేక మన భ్రమా?

ఆకులో ఉంది. కెఫీన్ మత్తు వదిలించి చురుకు తెస్తుంది. దాంతోపాటు థియానిన్ అనే అమైనో ఆమ్లం కూడా టీ ఆకులో ఉంటుంది. 1949లో జపాన్‌లో దాన్ని గుర్తించారు. కెఫీన్‌తో కలిసినప్పుడు అది దడ లేకుండా ఏకాగ్రత నిలబెడుతుందని కొన్ని ప్రయోగాల్లో తేలింది. కాకపోతే ఆ ప్రయోగాల్లో ఇచ్చిన మోతాదు మామూలుగా ఒక కప్పులో దొరికేదానికంటే ఎక్కువ. అందుకని టెన్షన్ తగ్గడానికి టీయే మందు అని నేను చెప్పను.

మిగతా హాయి ఆకు బయట ఉంది. వెచ్చటి కప్పు రెండు చేతుల మధ్య ఉండటం, ఆవిరి ముఖానికి తగలడం, రోజూ అదే వేళకి అదే చోట కూర్చోవడం. నాలుగైదు వారాలు ఒకే వేళకి తాగి చూడండి. నీళ్లు మరిగే చప్పుడు వినగానే భుజాలు దిగుతాయి, ఇంకా గుక్క కూడా వేయకముందే.

పాల టీ ప్రతిసారీ ఒకేలా కుదరాలంటే ఎలా పెట్టాలి?

కొలత మారకూడదు. ముప్పాతిక మంది కంటిచూపుతో నీళ్లు పోస్తారు, చేతికొచ్చినంత పొడి వేస్తారు, తర్వాత ఇవాళ కుదరలేదంటారు. మీరు తాగే కప్పుతోనే కొలవండి. రెండు కప్పుల టీకి ఒకటిన్నర కప్పుల నీళ్లు, ముప్పావు కప్పు పాలు పోస్తాను. ఆ కాస్త ఎక్కువ ఆవిరికి పోతుంది. సన్న గుళికల్లా ఉండే టీ పొడి అయితే రెండు చిన్న చెంచాలు నిండుగా.

నీళ్లు బాగా తెర్లాక పొడి వెయ్యండి. చల్లటి నీళ్లలో ముందే వేస్తే నీళ్లు మరిగేలోపే పొడి నాని, మీరు లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికే వగరు దిగడం మొదలవుతుంది. పొడి వేశాక మంట మధ్యస్థంగా పెట్టి రెండు నిమిషాలు. నీళ్లు ఎర్రమట్టి రంగు దాటి ముదురు గోధుమరంగులోకి వస్తాయి. అప్పుడు పాలు పోయండి. పాలు ముందే కాచి ఉంటే మంచిది, ఫ్రిజ్‌లోంచి తీసినవి పోస్తే డికాషన్ ఒక్కసారి చల్లబడిపోయి మళ్లీ మరగడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా పొడి ఊరుతూనే ఉంటుంది.

పాలు పోశాక కదలకండి. మొదట అంచుల వెంబడి చిన్న బుడగలు వస్తాయి. తర్వాత మధ్యలో మీగడ ముడతలు పడి, ఒక్కసారిగా గిన్నె మీదికి లేస్తుంది. లేచిన క్షణం మంట తగ్గించండి, దిగనివ్వండి. మళ్లీ ఒకసారి పొంగనిచ్చి దించండి. రెండు పొంగులు చాలు. ఈ రెండో పొంగు దగ్గర టీ వాసన మారుతుంది, పచ్చిపాల వాసన పోయి తియ్యటి, కాస్త కాగిన వాసన వస్తుంది. నాకు గడియారం కంటే ఆ వాసనే గుర్తు. స్టవ్ కట్టేసి మూత పెట్టి ఒక నిమిషం ఆగి వడకట్టండి.

చక్కెర ఎప్పుడు వేసినా ఫరవాలేదు. బెల్లం మాత్రం దించాకే వెయ్యాలి, మరుగుతున్న పాలల్లో వేస్తే విరిగిపోయే ప్రమాదం ఉంది.

నీళ్లు, పాలు, పొడి, చక్కెర అన్నీ ఒకేసారి పడేసి మరిగిస్తే తప్పా?

తప్పేం కాదు, అదొక రుచి. పొడి సారం పూర్తిగా దిగదు కాబట్టి కాస్త ఎక్కువ పొడి పడుతుంది, అడుగంటకుండా కలుపుతుండాలి.

అల్లం వేసిన ప్రతిసారీ పాలు విరిగిపోతున్నాయి. పాలదే తప్పా?

చాలాసార్లు అల్లానిదే. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని ప్రొటీన్‌ని ముక్కలు చేసి గడ్డకట్టిస్తుంది. గోరువెచ్చని పాలల్లో తురిమిన అల్లం వేస్తే అది బాగా పనిచేస్తుంది, మరిగే వేడికి మాత్రం చచ్చిపోతుంది. కాబట్టి దంచిన అల్లాన్ని నీళ్లల్లో వేసి రెండు మూడు నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తర్వాత పొడి, ఆ తర్వాత పాలు. ఈ వరుస పాటిస్తే విరగవు.

నా ఇంట్లో ఒకసారి బంధువులు కూర్చుని ఉండగా ఐదు కప్పుల టీ గిన్నెలోనే తునకలు తునకలుగా విడిపోయింది. హడావిడిలో పాలు పోశాక అల్లం గుర్తొచ్చి అప్పుడు వేశాను. ఆ రోజు నుంచి అల్లం దంచనిదే స్టవ్ వెలిగించను. వరుస సరిగ్గా ఉన్నా విరిగితే అప్పుడు పాలను అనుమానించండి. పాతబడిన పాలలో పులుపు మొదలై ఉంటుంది. విడిగా కాచినప్పుడు నిలబడినా డికాషన్ తగిలేసరికి నిలబడవు.

ఎంతసేపు మరిగిస్తే అంత స్ట్రాంగ్ అవుతుంది కదా?

స్ట్రాంగ్ వేరు, వగరు వేరు. కెఫీన్, వాసన మొదటి కొద్ది నిమిషాల్లోనే చాలావరకు దిగిపోతాయి. తర్వాత కూడా దిగుతూ ఉండేవి నాలుకని పట్టేసే టానిన్లు. చిక్కటి టీ కావాలంటే పొడి పెంచండి, సమయం పెంచకండి. అరచెంచా ఎక్కువ పొడితో మూడు నిమిషాలు మరిగిన టీకీ, తక్కువ పొడితో పది నిమిషాలు మరిగిన టీకీ రంగు ఒకేలా ఉండొచ్చు. తాగితే తెలుస్తుంది తేడా.

పాలు ఈ వగరును కొంత కప్పేస్తాయి. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ టానిన్లను పట్టేసుకుంటుంది, అందుకే బ్లాక్ టీగా తాగలేనంత వగరున్నది కూడా పాలు పోస్తే మెత్తబడుతుంది.

గ్రీన్ టీ, బ్లాక్ టీ, ఊలాంగ్, ఇవన్నీ వేర్వేరు మొక్కలా?

ఒకటే మొక్క, కెమెల్లియా సైనెన్సిస్. చిన్నాకుల చైనా రకం, పెద్దాకుల అస్సాం రకం అని ముఖ్యంగా రెండు రకాలున్నాయి. తేడా అంతా కోశాక ఆకుని ఏం చేస్తారన్నదాంట్లోనే. కోయగానే ఆవిరి మీదో పెనం మీదో వేడిచేస్తే ఆకులోని ఎంజైమ్‌లు ఆగిపోయి పచ్చగానే ఉంటుంది, అది గ్రీన్ టీ. వాడబెట్టి, నలిపి, గాలి తగలనిచ్చి పూర్తిగా నల్లబడనిస్తే బ్లాక్ టీ. మధ్యలో ఆపేస్తే ఊలాంగ్. కోసిన ఆపిల్ ముక్క గాలికి ఎర్రబడుతుందే, ఆకులో జరిగేది కూడా అలాంటిదే.

తులసి టీ, చామంతి టీ?

వాటిలో టీ ఆకు ఉండదు, కాబట్టి కెఫీన్ కూడా ఉండదు. రాత్రి పడుకునే ముందు వెచ్చగా ఏదైనా తాగాలనిపించేవాళ్లకి ఇవే మంచివి. పేరులో టీ ఉన్నా కషాయాలే, ఆ మాట తక్కువేం కాదు.

గుళికల్లా ఉండే పొడికీ, ఆకులుగా ఉండేదానికీ ఏది మేలు?

పాలు పోసి తాగేవాళ్లకి గుళికలే. 1930లలో అస్సాంలో విలియం మెకెర్చర్ అనే ఆయన ఆకుని నలిపి, చింపి, చుట్టే యంత్రం తయారుచేశారు. ఆ మూడు పనుల ఇంగ్లీషు మొదటి అక్షరాలతోనే దాన్ని సీటీసీ అంటారు. పళ్లున్న రోలర్ల మధ్య నలిగిన ఆకు చిన్న గుళికల్లా వస్తుంది. రంగు, చిక్కదనం చటుక్కున దిగుతాయి, పాలు పోసినా రుచి నిలబడుతుంది.

చుట్టిన ఆకుల టీ నెమ్మదైనది. ముఖ్యంగా డార్జిలింగ్ టీని పాలల్లో మరిగిస్తే దాని సువాసనంతా పోతుంది. మరిగిన నీళ్లు పోసి మూడు నాలుగు నిమిషాలు మూతపెట్టి, అలాగే తాగాలి. అస్సాంది చిక్కగా, ముదురు రంగులో ఉంటుంది. నీలగిరి టీ పరిమళంగా, తేలిగ్గా ఉంటుంది, నిమ్మరసానికి బాగా కుదురుతుంది. నా మటుకు నాకు పొద్దున గుళికల పొడి, సాయంత్రం తీరిక ఉన్నప్పుడు ఆకు. ఆకు టీ వేసిన రోజు గాజు గ్లాసు వాడతాను. ముడుచుకున్న ఆకు నీళ్లల్లో నెమ్మదిగా విచ్చుకుంటుంటే చూడాలి. ఒక్కొక్కటి అడుగుకి దిగి, మళ్లీ లేచి, కాడ వైపు నుంచి తెరుచుకుంటుంది. పూర్తిగా విచ్చుకున్న ఆకు అంచు మీద రంపపు పళ్లు కూడా కనిపిస్తాయి.

గ్రీన్ టీ ఆరోగ్యానికి మంచిదని తెచ్చాను. చేదు విషంలా ఉంది. ఎలా తాగాలి?

మీరు మరిగే నీళ్లు పోసి ఉంటారు. గ్రీన్ టీకి 70 నుంచి 80 డిగ్రీల వేడి చాలు, ఒకటిన్నర రెండు నిమిషాలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. మరిగిన నీళ్లను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి రెండు మూడుసార్లు తిరగబోయండి, గిన్నె మారిన ప్రతిసారీ వేడి కొంత పడిపోతుంది. ఆకు తీసేయకుండా కప్పులో వదిలేసి తాగుతూ కూర్చుంటే ఆఖరి గుక్కలు చేదెక్కుతాయి, కాబట్టి వడకట్టేయండి. అదే ఆకుకి రెండోసారి నీళ్లు పోసుకోవచ్చు, కొన్ని ఆకులకి రెండో కప్పే బాగుంటుంది.

ఇలా చేసినా నచ్చకపోతే మానేయండి. ముక్కు మూసుకుని తాగే కప్పు మీకు హాయినివ్వదు.

టీ పైన సన్నటి పొర తేలుతోంది. పొడి కల్తీదా?

పాల టీ మీద కట్టేది మీగడ, అది మామూలే. పాలు లేని టీ మీద నూనెలా మెరిసే పొర కనిపిస్తే కారణం నీళ్లు. కఠినమైన నీళ్లలో ఉండే కాల్షియం, గాలి తగిలాక టీలోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలతో కలిసి ఈ పొర కడుతుంది. హాని లేదు, కానీ రుచి మందగిస్తుంది. ఫిల్టర్ నీళ్లతో ఒకసారి పెట్టి చూడండి. పొర పోతే పొడిని అనుమానించనక్కర్లేదు. నాలుగు చుక్కల నిమ్మరసం వేసినా పోతుంది.

నిమ్మరసం వేస్తే టీ రంగు ఎందుకు లేతబడుతుంది?

బ్లాక్ టీకి రంగిచ్చే పదార్థాలు పులుపు తగిలితే లేతబడతాయి. టీ పలచబడలేదు, రంగు మాత్రమే మారింది. పాలున్న టీలో నిమ్మరసం వేయకండి.

టీ బ్యాగులు వాడొచ్చా?

తొందరలో ఉన్నప్పుడు వాడొచ్చు. లోపల ఉండేది ఎక్కువగా పిండిలాంటి సన్న పొడి కాబట్టి త్వరగా దిగుతుంది, త్వరగా వగరెక్కుతుంది. బ్యాగుని చెంచాతో నొక్కి పిండకండి, చేదంతా అక్కడే ఉంటుంది. నైలాన్ వంటి ప్లాస్టిక్ జాలీతో చేసిన బ్యాగులు మరిగే నీళ్లలో సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు వదులుతాయని 2019లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. కాగితంవి దొరికితే అవే తీసుకోండి.

ఎలాంటి కప్పు మంచిది?

మీది అనిపించే కప్పు. ఇందులో శాస్త్రం కొంతే ఉంది: అంచు పలచగా ఉంటే గుక్క సన్నగా వస్తుంది, మందపాటి మట్టి కప్పు వేడిని ఎక్కువసేపు నిలుపుతుంది, స్టీలు గ్లాసు పెదవిని కాలుస్తుంది. ముందు కాసిని వేడినీళ్లు పోసి తిప్పి పారబోస్తే కప్పు వెచ్చబడి టీ త్వరగా చల్లారదు. కానీ రోజూ ఒకే కప్పులో తాగడమే నేను చెప్పదలచుకున్నది. నా కప్పుకి పిడి దగ్గర చిన్న పెచ్చు ఊడింది. వేలు దానంతటదే అక్కడికి వెళుతుంది. కొత్త కప్పులు ఇంట్లో ఉన్నాయి, వాటిలో వేరేవాళ్లకి పోస్తాను.

పొగలు కక్కే టీ అంటేనే ఇష్టం. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహికకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో ప్రకటించింది. చిక్కు టీతో కాదు, వేడితో. కప్పులో పోశాక నాలుగైదు నిమిషాలు ఆగండి. నాలుక చురుక్కుమంటే ఇంకా ఆగాలి. నిజానికి కాస్త చల్లారాకే రుచి తెలుస్తుంది, మరీ వేడిగా ఉన్నప్పుడు నాలుకకి తెలిసేది వేడి ఒక్కటే.

రోజుకి ఎన్ని కప్పులు తాగొచ్చు? నిద్ర పట్టడం లేదు.

పెద్ద కప్పు బ్లాక్ టీలో, అంటే సుమారు 240 మిల్లీలీటర్లలో, 40 నుంచి 50 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. అంతే కాఫీలో దాదాపు దానికి రెట్టింపు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాముల వరకు, గర్భిణులకి 200 వరకు ఫరవాలేదని సాధారణంగా చెప్పే లెక్క. లెక్క ప్రకారం చాలా కప్పులు పడతాయి. కానీ నిద్ర ఆ లెక్క వినదు.

కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన టీలోది రాత్రి పదకొండుకి ఇంకా సగం మీలోనే ఉంటుంది. కొందరికి ఇంకా నెమ్మదిగా కరుగుతుంది. నిద్ర పట్టని వాళ్లు కప్పులు తగ్గించేకంటే ముందు వేళ మార్చి చూడండి. ఆఖరి టీ నాలుగు లోపు అయిపోతే చాలామందికి వారంలోనే తేడా తెలుస్తుంది. ఆకుని అరనిమిషం కడిగి ఆ నీళ్లు పారబోస్తే కెఫీన్ పోతుందని కొందరంటారు. కొంచెమే పోతుంది, వాసన మాత్రం బాగా పోతుంది.

అన్నం తినగానే టీ తాగే అలవాటు ఉంది. మానాలా?

మానక్కర్లేదు, జరపండి. ఆకుకూరలు, పప్పుల్లో ఉండే ఇనుమును టీలోని పాలీఫినాల్స్ పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఎదిగే ఆడపిల్లలు ఈ విషయంలో గట్టిగా ఉండాలి. తిన్నాక కనీసం గంట ఆగి తాగండి. ఐరన్ మాత్రని టీతో ఎప్పుడూ వేసుకోకండి. ఇది నేను ఊరికే చెప్పడం లేదు. మా ఇంట్లో ఒకరు నెలల తరబడి ఐరన్ మాత్ర టీతోనే వేసుకున్నారు, రక్తం ఎందుకు పెరగడం లేదో ఎవరికీ అర్థం కాలేదు. మాత్రకి నీళ్లు, టీకి వేరే వేళ అని మార్చాక పెరిగింది.

పరగడుపున తాగితే కడుపులో తిప్పుతోంది.

టానిన్లు ఖాళీ కడుపుని కొందరిలో అలా ఇబ్బంది పెడతాయి. ముందు ఒక గ్లాసు నీళ్లు తాగి, ఏదైనా కొంచెం తిని, టీ పలచగా పెట్టుకోండి. అయినా తగ్గకపోతే, మంట కూడా ఉంటే డాక్టర్‌కి చూపించుకోండి.

చక్కెర తగ్గించాలని ఉంది, కానీ చప్పటి టీ తాగలేను.

ముందు లెక్క చూడండి. చిన్న చెంచా చక్కెర అంటే సుమారు 4 గ్రాములు. మూడు కప్పులకి రెండేసి చెంచాలు వేస్తే 24 గ్రాములు. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే టీతోనే అయిపోయింది.

ఒక్కసారి మానేసినవాళ్లు పది రోజుల్లో మళ్లీ మొదటికి వస్తారు. పావు చెంచా తగ్గించి రెండు వారాలు ఉండండి. నాలుకకి అదే మామూలైపోతుంది. అప్పుడు ఇంకో పావు. రెండు చెంచాల నుంచి అరచెంచాకి రావడానికి నాకు మూడు నెలలు పట్టింది. యాలకులు గానీ దాల్చినచెక్క గానీ వేస్తే తీపి వాసన వస్తుంది, తక్కువ చక్కెరతోనే సరిపెట్టుకోవచ్చు.

మిగిలిన టీ మళ్లీ వేడిచేసుకోవచ్చా?

పాలున్న టీ రెండు గంటలకు మించి బయట ఉంటే పారబోయండి. అంతకు లోపైతే హాని లేదు, కానీ పొడితో సహా వదిలేసిందైతే వగరు భరించలేం. మిగులుతుందనిపిస్తే వడకట్టి పెట్టుకోండి.

ఎండాకాలంలో వేడి టీ తాగితే ఒళ్లు ఇంకా వేడెక్కదా?

వేడి పానీయం తాగితే చెమట ఎక్కువ పడుతుంది, ఆ చెమట ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. గాలి ఆడే చోట కూర్చుంటేనే ఇది పనిచేస్తుంది. ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి చిరాకే మిగులుతుంది, అలాంటి రోజున ఆకు టీని చల్లటి నీళ్లలో ఆరేడు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టి తాగండి. వగరు దాదాపు ఉండదు.

ఇంట్లో ఒకరికి చిక్కగా, ఒకరికి పలచగా, ఒకరికి చక్కెర లేకుండా. రోజూ మూడు గిన్నెలు ఎవరు తోముతారు?

డికాషన్ ఒక్కటే చిక్కగా కాచి వడకట్టండి, పాలు విడిగా కాచుకోండి. ఎవరి కప్పులో వాళ్లకు కావలసినంత డికాషన్, కావలసినన్ని పాలు. పెద్దవాళ్లకి ఏది ఎంత అన్నది అడగకుండా గుర్తుపెట్టుకుని పోస్తే వాళ్ల ముఖంలో కనిపిస్తుంది.

ఒక్కదాన్నే ఉంటున్నాను. నా ఒక్కదానికోసం టీ పెట్టుకోబుద్ధి కాదు.

ఈ ప్రశ్న అడిగిన ప్రతివాళ్లకీ నేను ఒకటే చెబుతాను: ఒక్క కప్పుకి సరిపోయే చిన్న గిన్నె ఒకటి కొనుక్కోండి. పెద్ద గిన్నె అడుగున గుక్కెడు నీళ్లు మరుగుతుంటే లేనివాళ్లే గుర్తొస్తారు. చిన్న గిన్నెలో టీ నిండుగా ఉంటుంది, పొంగుతుంది, పొంగుని చూసుకోవాల్సి వస్తుంది. ఎవరైనా వస్తే తీసే మంచి కప్పు ఉంటుంది కదా, దాన్నే మీకోసం వాడండి. కిటికీ దగ్గరో గుమ్మంలోనో ఒకచోటు పెట్టుకోండి. కుదిరితే అదే వేళకి టీ తాగే ఒకరికి ఫోన్ చేయండి. మా పిన్నీ నేనూ ఆదివారాలు అలాగే తాగుతాం. ఇద్దరం గిన్నెలు స్టవ్ మీద పెట్టాకే మాట మొదలుపెడతాం. మధ్యలో ఆమె "ఉండు, పొంగొస్తోంది" అంటుంది, ఆ అరనిమిషం నేను ఇటు ఆమె వంటింటి చప్పుడు వింటూ ఉంటాను.

నాలుగు రోజులు మానేస్తే తలనొప్పితో చచ్చిపోయాను. ఇది వ్యసనమా?

రోజూ కెఫీన్ అలవాటైన ఒంటికి ఒక్కసారి ఆపేస్తే తలనొప్పి, చిరాకు, నీరసం వస్తాయి. సాధారణంగా ఒక రోజులోపు మొదలై, వారం పది రోజుల్లో పూర్తిగా పోతాయి. మానాలనుకుంటే రెండు మూడు రోజులకి అరకప్పు చొప్పున తగ్గించండి, నొప్పి రాదు.

టీ, చాయ్, తేనీరు. ఏది సరైన మాట?

అన్నీ. చైనాలో రాసే అక్షరం ఒకటే, ఫుజియాన్ తీరంలో దాన్ని 'తే' అనీ, మిగతా చాలాచోట్ల 'చా' అనీ పలుకుతారు. డచ్చి వర్తకుల ఓడల్లో వెళ్లిన 'తే' ఐరోపాలో టీ అయింది. భూమార్గంలో పర్షియా మీదుగా వచ్చిన 'చా' చాయ్ అయింది. మన తేయాకులోనూ తేనీరులోనూ ఉన్నది ఆ 'తే'యే. తేనె కలిసిన నీరేమో అని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

టీ పొడి ఎన్నాళ్లు నిలవ ఉంటుంది?

గాలి, వెలుతురు, తేమ, పక్క వాసనలు, ఈ నాలుగూ తగలకపోతే బ్లాక్ టీ ఏడాదికి పైగా బాగుంటుంది. గ్రీన్ టీ ఆరు నెలల్లో వాడేయడం మంచిది. బిగుతైన మూత ఉన్న డబ్బాలో, స్టవ్‌కి దూరంగా పెట్టండి. మసాలా డబ్బాల పక్కన పెడితే టీ ఆ వాసనంతా పీల్చేసుకుంటుంది. తడి చెంచా పెట్టకండి.

కప్పులకి పట్టిన మరకలు, వాడేసిన పొడి ఏం చేయాలి?

మరక మీద తడి వంటసోడా రాసి పది నిమిషాలు ఆగి తోమితే పోతుంది. గిన్నెకైనా అంతే. వాడిన పొడి చెట్లకి మంచిదే, కానీ పాలు, చక్కెర తగిలిన పొడిని అలాగే కుండీలో వేస్తే చీమలు పడతాయి, వాసనొస్తుంది. జల్లెడతో సహా కుళాయి కింద పెట్టి నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండబెట్టి, కుండీ మట్టిలో కలపండి.